మందగించడం నేర్చిన యంత్రం

గేమింగ్ ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణాలకు వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినిపించేది ఒకటుంది: ఆట మొదలైన పది పదిహేను నిమిషాల వరకు బొమ్మ సాఫీగా కదులుతుంది, ఆ తర్వాత ఫ్యాన్ల హోరు పెరిగి, కీబోర్డు పైభాగం వేలు ఆనించలేనంతగా కాలి, తెర మీద కదలిక తడబడుతూ ముక్కలు ముక్కలుగా సాగుతుంది. యంత్రం పాడైపోయిందన్న భయంతో యజమాని దాన్ని దుకాణానికి పట్టుకొస్తాడు. నిజానికి చాలా సందర్భాల్లో ఈ మందగింపు, చిప్పు కాలిపోకుండా ఉండేందుకు ప్రాసెసర్ తనంతట తాను తీసుకునే చర్య. ఆ చర్యకు దాదాపు పాతికేళ్ల చరిత్ర ఉంది. దానికి కారణమైన వేడి సమస్యకు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. ఈ ఎనభై ఏళ్లలో కంప్యూటర్ వేడిని బయటికి పంపే బాధ్యత భవనం నుంచి పెట్టెకు, పెట్టె నుంచి చిప్పుకు దిగుతూ వచ్చి, చివరికి వాడుకదారు మీదా, దుకాణంలోని టెక్నీషియన్ మీదా పడింది.

విద్యుత్తుతో లెక్కలు చేసే ఏ యంత్రమైనా తాను తీసుకున్న విద్యుత్తును దాదాపు మొత్తంగా వేడి రూపంలోనే వదులుతుంది. మోటారుకు ఇచ్చిన శక్తిలో చాలా భాగం చక్రం తిప్పడానికి పోతుంది గాని, కంప్యూటర్ చేసే పనికి బరువూ కదలికా లేవు కనుక దానికి 100 వాట్లు ఇస్తే గదిలో 100 వాట్ల పొయ్యి వెలిగించినట్టే లెక్క. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం లోకానికి చూపిన ఎనియాక్ యంత్రంలో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. గాలి తీసేసిన గాజు గొట్టంలో తీగను ఎర్రగా కాల్చి ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని పుట్టించే సాధనమే వాక్యూమ్ ట్యూబు కనుక, ఆ యంత్రానికి వేడి అనవసరంగా పుట్టుకొచ్చిన ఉపద్రవం కాదు, అది పనిచేయడానికి తప్పనిసరి షరతు. దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసుకునే ఆ యంత్రం పుట్టించే వేడిని భారీ బ్లోయర్లు గది బయటికి నెట్టేవి. అందులో ట్యూబులు ఎక్కువగా యంత్రాన్ని ఆపినప్పుడూ తిరిగి వేసినప్పుడూ పోయేవని ఇంజనీర్లు గమనించి, వీలైనంత వరకు దాన్ని ఆపకుండానే ఉంచేవారు. వేడెక్కి చల్లబడిన ప్రతిసారీ లోహమూ గాజూ వేర్వేరు మోతాదుల్లో వ్యాకోచించి సంకోచించడం వల్ల అతుకుల మీద పడే ఈ ఒత్తిడి, అరవై ఏళ్ల తర్వాత ల్యాప్‌టాప్‌ల్లో మరో రూపంలో తిరిగి కనిపించింది.

1947 డిసెంబరులో బెల్ లేబొరేటరీస్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ పనిచేసే ట్రాన్సిస్టర్‌ను రూపొందించిన తర్వాత కాలిన తీగల అవసరం తీరిపోయింది గాని, వేడి సమస్య తీరలేదు. ఒక్కో ట్రాన్సిస్టర్ పుట్టించే వేడి తక్కువే అయినా, వాటిని మరింత దగ్గరగా, మరింత ఎక్కువ సంఖ్యలో పేర్చే కొద్దీ చిన్న చోటులో పెద్ద వేడి పోగయింది. 1960 దశకంలోనే ఐబీఎం సంస్థ తన సిస్టమ్ 360 కుటుంబంలోని మోడల్ 91 వంటి పెద్ద యంత్రాల్లో నీటి శీతలీకరణను వాడింది. 1976 నాటి క్రే-1 సూపర్ కంప్యూటర్ సుమారు 115 కిలోవాట్లు తీసుకునేది; దాని స్తంభాల లోపల ఫ్రిజ్‌లలో వాడే ఫ్రియాన్ ప్రవహించేది. 1985లో వచ్చిన క్రే-2లో సర్క్యూట్ బోర్డులను విద్యుత్తు ప్రసరించని ఒక ఫ్లోరిన్ ద్రవంలో ఏకంగా ముంచేశారు. ఆ కాలపు సూపర్ కంప్యూటర్ల గురించి వేగం లెక్కలే ఎక్కువగా రాశారు గాని, వాటి నిర్మాతల అసలు పనితనం గొట్టాల అమరికలో ఉందనడం అతిశయోక్తి కాదు.

భారతదేశంలో ఇదే బాధ్యతను ఏసీ గది మోసింది. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. అటువంటి యంత్రాలు నెలకొన్న కార్యాలయాల్లో కంప్యూటర్ గదికి ప్రత్యేకమైన ఏసీ, ప్రత్యేకమైన తలుపు, గుమ్మం ముందు చెప్పులు విడిచే నియమం ఉండేవి. ఆ ఆచారం 1990 దశకంలో పాఠశాలల కంప్యూటర్ ల్యాబుల దాకా పాకింది. అప్పటి పర్సనల్ కంప్యూటర్లకు అంత చల్లదనం అక్కరలేకపోయినా, చెప్పుల వరుస మాత్రం కంప్యూటర్‌కు దక్కిన మర్యాదకు గుర్తుగా చాలా కాలం మిగిలింది. దాన్ని మూఢాచారంగా కొట్టిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే నేటి గేమింగ్ ల్యాప్‌టాప్‌ను ఊపిరాడనివ్వకుండా చేసే కారణాల్లో మొదటిది ఇప్పటికీ దుమ్మే.

గది నుంచి ఈ బాధ్యత చిప్పు దగ్గరికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1980 దశకంలో ఇళ్లకూ కార్యాలయాలకూ వచ్చిన ప్రాసెసర్లు మామూలుగా ఏ కవచమూ లేకుండా బోర్డు మీద ఉండేవి. పెట్టె వెనుక విద్యుత్ సరఫరా భాగంలో తిరిగే ఫ్యాను వాటికి చాలేది. 1990 దశకం మొదట్లో 486 తరం వేగవంతమైన రకాల మీద హీట్ సింకులు కనిపించాయి. పలుచని రెక్కల వరుసతో గాలికి తగిలే వైశాల్యాన్ని పెంచే లోహపు దిమ్మెను హీట్ సింక్ అంటారు. 1993 నాటి తొలి పెంటియం ప్రాసెసర్ల నాటికి ఆ దిమ్మె మీద సొంత ఫ్యాను కూడా వచ్చి కూర్చుంది.

ఇన్నేళ్లు వేడి హద్దు దాటకపోవడానికి ఒక సూత్రం కారణం. 1974లో ఐబీఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, ట్రాన్సిస్టర్ కొలతలను తగ్గిస్తూ అదే నిష్పత్తిలో వోల్టేజీని కూడా తగ్గిస్తే, వేగం పెరిగినా చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి మారదు. దాదాపు మూడు దశాబ్దాల పాటు చిప్పుల పరిశ్రమ ఈ వెసులుబాటు మీదే నడిచింది. అయితే ట్రాన్సిస్టర్ మరీ చిన్నదైనప్పుడు, అది మూసి ఉన్న స్థితిలో కూడా కొంత విద్యుత్తు కారిపోవడం మొదలై, వోల్టేజీని ఇంకా తగ్గించడం అసాధ్యమయింది. 2001 ఫిబ్రవరిలో ఇంటెల్ ఉన్నతాధికారి పాట్ గెల్సింగర్, ఈ ధోరణి ఇలాగే సాగితే చిప్పుల్లో వైశాల్యానికి పుట్టే వేడి అణు రియాక్టర్‌ను, రాకెట్ నాజిల్‌ను, చివరికి సూర్యుడి ఉపరితలాన్ని అందుకుంటుందని ఒక అంతర్జాతీయ సదస్సులో హెచ్చరించారు. ఆ హెచ్చరిక చేసిన సంస్థే 2004లో విడుదల చేసిన ప్రెస్కాట్ అనే పెంటియం 4 రకం 100 వాట్ల హద్దును దాటింది. అదే సంవత్సరం దాని వారసుడిగా తలపెట్టిన టేజస్ ప్రాసెసర్‌నూ, 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4నూ ఇంటెల్ రద్దు చేసుకుంది. లెక్కలు చేసే భాగమైన కోర్ ఒక్కదాని వేగాన్నే పెంచుకుంటూ పోయే యుగం అక్కడితో ముగిసి, ఒకే చిప్పులో రెండు, నాలుగు కోర్లను పెట్టే యుగం మొదలయింది.

వేడెక్కిన ప్రాసెసర్ మందగించడం అనే ప్రవర్తన సామాన్యుల చేతికి వచ్చింది కూడా ఈ పెంటియం 4తోనే. 2000 నవంబరులో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో ఉష్ణోగ్రతను కనిపెట్టే సర్క్యూట్‌ను చిప్పు లోపలే అమర్చారు. హద్దు దాటినప్పుడు అది ప్రాసెసర్‌ను నడిపే గడియారపు స్పందనలను అతి స్వల్ప వ్యవధుల పాటు ఆపుతూ విడుస్తూ ఉంటుంది. సగం స్పందనలు ఆగిపోతే వేగం సగమవుతుంది, వేడీ ఆ మేరకు తగ్గుతుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. 2003లో ల్యాప్‌టాప్‌ల కోసం వచ్చిన పెంటియం ఎమ్ ప్రాసెసర్‌లో ఇంతకన్నా తెలివైన పద్ధతి ఉంది: స్పందనల్ని ఆపే బదులు వేగాన్నీ వోల్టేజీనీ కలిపి తగ్గించడం. విద్యుత్ వినియోగం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, కొద్దిపాటి వేగాన్ని వదులుకుంటే చాలా వేడి తగ్గుతుంది. నేటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లు అనుసరించేది ప్రధానంగా ఈ రెండో దారినే.

ఈ ఏర్పాటు విలువ ఏమిటో 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సాంకేతిక ప్రచురణ జరిపిన పరీక్ష అందరికీ చూపింది. క్వేక్ 3 ఆట నడుస్తుండగా ప్రాసెసర్ల మీది హీట్ సింకులను తీసేశారు. ఏఎమ్‌డీ సంస్థ అథ్లాన్ చిప్పులు పొగలు కక్కి క్షణాల్లో కాలిపోయాయి, పెంటియం 3 స్తంభించిపోయింది, పెంటియం 4 మాత్రం ఆటను ఈడుస్తూ కొనసాగించి, హీట్ సింక్‌ను తిరిగి పెట్టగానే మునుపటి వేగాన్ని అందుకుంది. నడుస్తున్న కంప్యూటర్ నుంచి హీట్ సింక్ ఊడదీసే మనిషి ఎవరుంటారని ఆక్షేపించినవారూ లేకపోలేదు. ఆ ఆక్షేపణ సబబైనదే అయినా, హీట్ సింక్ ఊడకపోయినా దాని రెక్కలు మూసుకుపోయే యంత్రం ల్యాప్‌టాప్ రూపంలో అప్పటికే మార్కెట్లో పెరుగుతోంది. ఆ తర్వాతి ఏళ్లలో ఇటువంటి రక్షణ లేని ప్రాసెసర్ అరుదైపోయింది.

ల్యాప్‌టాప్ చరిత్రలో వేడి మొదటి నుంచీ ఆకారాన్ని శాసించింది. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్, మూతలా మడిచే తెర ఉన్న తొలి యంత్రాల్లో ఒకటి. దానికి ఫ్యాను లేదు, మెగ్నీషియం మిశ్రలోహంతో చేసిన దాని తొడుగే వేడిని బయటికి వదిలేది. ఆ యంత్రాన్ని అమెరికా అంతరిక్ష సంస్థ స్పేస్ షటిల్‌లోకి తీసుకుపోవలసి వచ్చినప్పుడు మాత్రం అదనంగా ఒక ఫ్యానును అమర్చవలసి వచ్చింది. బరువే లేని చోట వేడి గాలి పైకి లేవదు, చల్లగాలి దాని స్థానంలోకి రాదు, కనుక భూమి మీద ఉచితంగా దొరికే గాలి ప్రవాహం అక్కడ ఉండదు. పరుపు మీద పెట్టుకుని ఆటలాడే ల్యాప్‌టాప్ అడుగున గాలి మార్గం మూసుకుపోయినప్పుడు ఏర్పడే స్థితి దీనికి మరీ దూరమైనదేమీ కాదు.

1990 దశకంలో పెంటియం చిప్పులు ల్యాప్‌టాప్‌ల్లోకి వచ్చేసరికి తొడుగు ఒక్కటే చాలక, హీట్ పైపు రంగప్రవేశం చేసింది. ఈ పరికరం ఆలోచన కంప్యూటర్ల కోసం పుట్టినది కాదు. జనరల్ మోటార్స్ ఇంజనీరు రిచర్డ్ గాగ్లర్ 1944లోనే శీతల యంత్రాల కోసం ఇటువంటి గొట్టానికి పేటెంటు పొందాడు. అది పెద్దగా వాడుకలోకి రాలేదు. 1963లో లాస్ అలామోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష అవసరాల కోసం దాన్ని స్వతంత్రంగా తిరిగి కనుగొని, హీట్ పైపు అన్న పేరు పెట్టాడు. మూసి ఉన్న రాగి గొట్టంలో గాలి తీసేసి కొద్దిపాటి నీటిని ఉంచుతారు. పీడనం తక్కువగా ఉండటం వల్ల ఆ నీరు తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది. చిప్పు వైపు ఆవిరైన నీరు రెక్కల వైపు చేరి చల్లబడి, ఇడ్లీ పాత్ర మూత లోపల ఆవిరి నీటి బొట్లయినట్టుగా, తిరిగి నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు పూసిన రాగి పొడి పొర ఆ నీటిని పీల్చుకుని మళ్లీ చిప్పు వైపు లాక్కొస్తుంది. కదిలే భాగం ఒక్కటి కూడా లేకుండా, అదే మందం ఉన్న రాగి కడ్డీ కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని మోసే ఈ గొట్టం లేకపోతే పలుచని ల్యాప్‌టాప్ అన్న వస్తువే ఉండేది కాదు. చిప్పుకూ ఈ గొట్టం అంటిన రాగి పలకకూ మధ్య కంటికి కనిపించని సందుల్లో గాలి మిగిలితే వేడి అక్కడే ఆగిపోతుంది. ఆ సందులను పూడ్చేందుకు, గాలి కన్నా వందల రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేసే థర్మల్ పేస్టును రాస్తారు. మొత్తం దారిలో ఖరీదు తక్కువైనది ఈ పేస్టే, ముందుగా పాడయ్యేదీ ఇదే.

2000 నవంబరులో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 2 గో అనే గ్రాఫిక్స్ చిప్పును ల్యాప్‌టాప్‌ల కోసం ప్రకటించడంతో ఈ దారి మీద రెండో బరువు పడింది. 1996లో మయామీలో మొదలై 2006లో డెల్ సంస్థలో కలిసిన ఏలియన్‌వేర్ వంటి తయారీదార్లు మందమైన తొడుగుల్లో డెస్క్‌టాప్ ప్రాసెసర్లనే బిగించి అమ్మారు. అవి బరువైనవి, హోరెక్కువ, బ్యాటరీ ఎంతోసేపు నిలవనివి. అయినా వాటిలో గాలికి చోటుండేది. ఆ తర్వాతి పోటీ పలుచదనం వైపు మళ్లింది. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ చిప్పుకూ ఒకే హీట్ పైపుల వరుసను పంచడం మామూలైపోయి, ఆట రెండింటినీ ఒకేసారి శ్రమపెట్టినప్పుడు ఒకదాని వేడి మరొకదాన్ని మందగింపజేసే పరిస్థితి వచ్చింది. 2016లో డెస్క్‌టాప్ స్థాయి గ్రాఫిక్స్ చిప్పులు ల్యాప్‌టాప్‌ల్లోకి రాగానే ఏసర్ ప్రకటించిన ప్రిడేటర్ 21 ఎక్స్‌లో 5 ఫ్యాన్లు, 9 హీట్ పైపులు ఉన్నాయి, దాని బరువు 8 కిలోలు దాటింది. దాన్ని ఒడిలో పెట్టుకోగలిగిన వారెవరో ఊహకందదు.

ఇదే కాలంలో వేగం అన్న మాటకు స్థిరమైన విలువ లేకుండా పోయింది. 2008లో ఇంటెల్ ప్రవేశపెట్టిన టర్బో బూస్ట్ ప్రకారం, చల్లగా ఉన్నంతసేపు ప్రాసెసర్ తన మూల వేగాన్ని మించి పరుగెత్తి, వేడీ విద్యుత్ పరిమితీ అడ్డుపడగానే వెనక్కి తగ్గుతుంది. 2022 నాటి ఐ9-12900హెచ్‌కే అనే ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు మూల పరిమితి 45 వాట్లు, గరిష్ఠ పరిమితి 115 వాట్లు. గ్రాఫిక్స్ చిప్పుల్లోనూ అంతే. 2021లో వచ్చిన ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3080ను తయారీదార్లు 80 వాట్ల నుంచి 150 వాట్లకు పైబడి తమకు తోచిన పరిమితిలో బిగించవచ్చు. పెట్టె మీది పేరు ఒకటే అయినా లోపలి వేగం ఒకటి కాదు. కనుక కొన్న కొత్తలోనే ఆట మధ్యలో వేగం తగ్గుతుంటే, లోపం దుమ్ములోనో పేస్టులోనో కాక, ఆ యంత్రాన్ని రూపొందించినప్పుడు పెట్టిన పరిమితిలోనే ఉండవచ్చు. ఏ టెక్నీషియన్ చేతిలోనూ దానికి మందు లేదు.

మరమ్మతు వృత్తి కూడా ఈ వేడి వల్లనే రూపుదిద్దుకుంది. 2008 జులైలో ఎన్విడియా, తన పాత తరం ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల్లో కొన్నింటి లోపలి కూర్పులో వాడిన పదార్థాలు బలహీనంగా ఉన్నాయని వెల్లడిస్తూ, మరమ్మతుల కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. వేడెక్కి చల్లబడే ప్రతి విడతలోనూ చిప్పు కింది సూక్ష్మమైన టంకపు బిందువులు అలసి పగిలేవి. ఎనియాక్ ట్యూబుల చావుకూ వీటి చావుకూ మూలం ఒక్కటే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీగా పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్ పరిసరాలు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్, బెంగళూరు ఎస్పీ రోడ్డు వంటి చోట్ల చిప్ లెవల్ సర్వీస్ అని బోర్డు పెట్టే దుకాణాలకు హాట్ ఎయిర్ గన్, రీబాలింగ్ యంత్రం ముఖ్యమైన పనిముట్లయ్యాయి. చిప్పును ఊడదీసి దాని కింది టంకపు పూసలను కొత్తగా పేర్చడమే రీబాలింగ్. పగులు చిప్పు కూర్పు లోపలే ఉన్నప్పుడు ఈ పని వల్ల కొన్ని వారాల ఆయుష్షు మాత్రమే దక్కేది.

మందగింపుకు కారణం వెతకడంలో అనుభవజ్ఞులు పాటించే క్రమం ఈ చరిత్ర నుంచే వచ్చింది. ఆట నడుస్తుండగా ఉష్ణోగ్రత, వేగం, వాట్లు మూడింటినీ కలిపి చూడటం మొదటి మెట్టు. ఉష్ణోగ్రత 95 లేదా 100 డిగ్రీల దగ్గర నిలిచి వేగం పడిపోతుంటే వేడి బయటికి పోయే దారి మూసుకుందని అర్థం. ఉష్ణోగ్రత 70 డిగ్రీల దగ్గరే ఉండి వేగం అట్టడుగుకు పడిపోతే వేడిని అనుమానించి లాభం లేదు. చాలని వాట్ల ఛార్జరు, పాడైన బ్యాటరీ, బోర్డు మీది విద్యుత్ నియంత్రణ భాగాలు కూడా ప్రాసెసర్‌కు వేడెక్కావన్న సంకేతాన్నే పంపి దాన్ని మందగింపజేయగలవు. ఈ తేడా చూడకుండా పేస్టు మార్చి పంపిన ల్యాప్‌టాప్ మళ్లీ దుకాణానికి వస్తుంది. దారి మూసుకున్నదే నిజమైతే, ఫ్యానుకూ రెక్కలకూ మధ్య మందపాటి గుడ్డలా పేరుకునే దుమ్ము పొరను ముందుగా చూస్తారు. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ పొర ఊడకపోవచ్చు, ఫ్యాను విప్పి తీయవలసిందే. తర్వాతి వంతు పేస్టుది: చిప్పు పదే పదే వేడెక్కి చల్లబడటంలో పేస్టు మధ్య నుంచి అంచులకు జారిపోతుంది. పేస్టు మార్చే హడావిడిలో పక్కనున్న మెమొరీ చిప్పుల మీది థర్మల్ ప్యాడ్ల మందం తప్పితే, రాగి పలక అసలు చిప్పుకు సరిగా ఆనక స్థితి మొదటికన్నా అధ్వాన్నమవుతుంది.

గది ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోకుండా చేసే పరీక్షకు తెలుగు నేల మీద అర్థం లేదు. హీట్ సింక్ చేయగలిగినదల్లా చిప్పును చుట్టూ ఉన్న గాలి కన్నా ఇన్ని డిగ్రీలు ఎక్కువలో నిలపడమే. 20 డిగ్రీల గదిలో 80 డిగ్రీల దగ్గర హాయిగా నడిచే యంత్రం, అదే పనికి 40 డిగ్రీల గదిలో 100 డిగ్రీలకు చేరుతుంది. చల్లని దేశాల్లోనో ఏసీ ప్రయోగశాలల్లోనో రాసిన సమీక్షను నమ్మి కొన్న ల్యాప్‌టాప్ రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం తడబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

వాడుకదారుల చేతిలో ఒకప్పుడు ఖర్చులేని ఉపాయం ఒకటుండేది. ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని సాఫ్ట్‌వేర్ సాయంతో కొద్దిగా తగ్గించడాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. వేగం తగ్గకుండానే వేడి తగ్గించే ఈ పద్ధతి 2010 దశకంలో గేమింగ్ ల్యాప్‌టాప్ యజమానుల్లో బాగా వ్యాపించింది. 2019 డిసెంబరులో ఐరోపా పరిశోధకులు, ఇదే సౌకర్యాన్ని దుర్వినియోగం చేసి ప్రాసెసర్‌లోని రహస్య సమాచారాన్ని రాబట్టవచ్చని ప్లండర్‌వోల్ట్ పేరుతో నిరూపించారు. ఇంటెల్ వోల్టేజీ మార్పును అడ్డుకునే సవరణలు విడుదల చేసింది, తయారీదార్లు యంత్రపు మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్ నవీకరణల ద్వారా వాటిని యంత్రాలకు పంపారు. దానితో నిన్నటి దాకా 85 డిగ్రీల దగ్గర నడిచిన ల్యాప్‌టాప్ ఒక మామూలు నవీకరణ తర్వాత మళ్లీ హద్దును తాకే పరిస్థితి ఏర్పడింది. పాత బయోస్‌కు వెనక్కి వెళ్లేందుకు అనుమతించని యంత్రాల్లో ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. అటువంటి యంత్రాల యజమానులు వేసవిలో టర్బోను ఆపివేసి, ఆట తెర వేగాన్ని సెకనుకు 60 చిత్రాలకు పరిమితం చేసుకుంటారు.